పాత ఎంఎక్స్-5కి సూపర్‌చార్జర్: దండగా, పండగా?

పాప్‌అప్_లైట్లు
నా దగ్గర మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 (ఇద్దరు కూర్చునే చిన్న స్పోర్ట్స్ కారు) ఉంది. 1990 మోడల్, 1.6 ఇంజిన్. కంపెనీ లెక్కలో 116 హార్స్‌పవర్, బరువు టన్ను లోపే. తెలిసినాయన ఒకరు తన కారు అమ్మేస్తూ, దానికున్న ఈటన్ ఎం45 సూపర్‌చార్జర్ (ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ లోపలికి అదనంగా గాలి నెట్టే బ్లోయర్) కిట్ విప్పి ఇస్తానంటున్నాడు. 6 పీఎస్ఐ బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి) ఇచ్చే పుల్లీ, బ్రాకెట్లు, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ అన్నీ ఉన్నాయి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మాత్రం లేదు. అడిగే డబ్బు నా కారు విలువలో పావు వంతు. ఆదివారం లోపు ఏ సంగతో చెప్పమన్నాడు. ట్రాక్ మీదికి వెళ్లేది ఎప్పుడో ఒకసారి. ఎక్కువగా కొండ దారులు, సెలవుల్లో దూర ప్రయాణాలు. తీసుకోమంటారా?

బెల్టు_బాబాయి
తీసుకోండి. నాదీ ఇదే కారు, ఇదే ఎం45. ఏళ్లుగా నడుపుతున్నాను, ఇంజిన్ విప్పాల్సిన పని పడలేదు. ఇది రూట్స్ రకం (రెండు రోటర్లతో గాలి నెట్టేది) కాబట్టి కాలు వేయగానే బూస్ట్ ఉంటుంది, ఇంజిన్ వదిలే పొగతో తిరిగే టర్బో కోసం చూసినట్టు ఎదురుచూడక్కర్లేదు. ఇంజిన్ స్వభావం మారదు, సైజు పెరిగినట్టు ఉంటుందంతే. 6 పీఎస్ఐ అంటే 41 శాతం ఎక్కువ గాలి. 1.6 కాస్తా 2.2 అయినట్టు లెక్క.

స్పానర్_14
1990 అంటున్నారు కదా. క్రాంక్ పుల్లీకి (ఇంజిన్ ముందు బెల్టులు తిప్పే చక్రానికి) గాట్లు నాలుగా, ఎనిమిదా? ముందు అది చూడండి.

ఏడువేల_ఆర్పీఎం
బాబాయి గారు చెప్పకుండా వదిలేసినవి నేను చెప్తాను. ఆ బ్లోయర్ ఊరికే తిరగదు. దాన్ని తిప్పడానికే ఇంజిన్ 30 హార్స్‌పవర్ ఖర్చు పెట్టాలి. ఇచ్చేది ఒక చేత్తో, లాక్కునేది ఇంకో చేత్తో. పైగా ముందు భాగంలో ఇరవై కిలోల పైచిలుకు ఇనుము ఎక్కుతుంది. ముందూ వెనకా బరువు దాదాపు సమానంగా ఉండాలని ఇంజినీర్లు అంత కష్టపడి కట్టిన కారు మీద మనం గుండ్రాయి పెట్టినట్టు. ఆ తర్వాత క్లచ్ జారుతుంది, రేడియేటర్ చాలదు, డిఫరెన్షియల్ అరుస్తుంది. పావు వంతు ధర అని మొదలుపెడితే సగం దగ్గర కూడా ఆగదు. ఆ డబ్బుతో మంచి టైర్లు, డ్యాంపర్లు, కొత్త బుష్‌లు, బ్రేక్ ప్యాడ్లు వేయించుకోండి. కారు ప్రతి మలుపులోనూ మారిపోతుంది, నిటారు రోడ్డు మీద మాత్రమే కాదు.

బెల్టు_బాబాయి
30 హార్స్‌పవరా? ఎక్కడ దొరికింది ఈ అంకె? ఎం45 గురించి మాట్లాడుతున్నామా, డ్రాగ్ రేసు కార్ల గురించా?

ఏడువేల_ఆర్పీఎం
బెల్టు ఊరికే తిరుగుతుందని మీరంటే నేనేం చెప్పను.

బెల్టు_బాబాయి
ఊరికే తిరుగుతుందని నేను అనలేదు. పైకి వెళ్లి చదవండి.

లెక్కల_మాస్టారు
కొట్టుకోవడం ఎందుకు, లెక్క వేసుకుందాం. 6 పీఎస్ఐ అంటే సుమారు 41 కిలోపాస్కల్స్. ఈ ఇంజిన్ 6,500 ఆర్పీఎం దగ్గర ఈ బూస్ట్‌తో సెకనుకు 0.12 ఘనపు మీటర్ల గాలి మింగుతుంది. రెండూ గుణిస్తే 5 కిలోవాట్లు, అంటే దాదాపు 7 హార్స్‌పవర్. గేర్లు, బేరింగులు, లీకులు కలుపుకుంటే పది, ఇంకా కాస్త. 30 రాదు.

అలాగని బాబాయి గారి 41 శాతం కూడా నిలబడదు. రూట్స్ బ్లోయర్ గాలిని బాగా వేడెక్కిస్తుంది. బయట 30 డిగ్రీలుంటే మానిఫోల్డ్‌లోకి వెళ్లేది 80 దాకా ఉంటుంది. వేడి గాలి పలచన. ఇంటర్‌కూలర్ లేదు కాబట్టి ఆ 41లో చాలా భాగం అక్కడే ఆవిరి. ఎండాకాలం కొండెక్కేటప్పుడు ఇంకా తగ్గుతుంది.

ఏడువేల_ఆర్పీఎం
చూశారా! నేను చెప్పింది ఇదే.

బెల్టు_బాబాయి
మీరు చెప్పింది 30. ఆయన చెప్పింది పది.

పాత_పత్రికలు
ఈ తగాదా ఇవాళ్టిది కాదు. 1929లో రేసర్ టిమ్ బిర్కిన్ పట్టుబట్టి నాలుగున్నర లీటర్ల బెంట్లీకి సూపర్‌చార్జర్ పెట్టించాడు. కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకి అది సుతరామూ ఇష్టం లేదు. బ్లోయర్ బెంట్లీ లే మాన్ 24 గంటల రేసు ఎన్నడూ గెలవలేదు. బ్లోయర్ లేని స్పీడ్ సిక్స్ మాత్రం 1929, 1930 వరసగా గెలిచింది.

బెల్టు_బాబాయి
బెంట్లీ తేలికపాటి కారా అండీ? పైగా ఆ స్పీడ్ సిక్స్‌ది ఆరున్నర లీటర్ల ఇంజిన్. ఈయన్నీ ఆరున్నర లీటర్లు దింపుకోమంటారా?

చిన్న కార్ల సంగతే కావాలంటే, 1986లో టొయోటా ఎంఆర్2కి ఫ్యాక్టరీలోనే సూపర్‌చార్జర్ పెట్టింది, 4ఏ-జీజెడ్ఈ ఇంజిన్. తేలిక కార్లకు పెట్టింది పేరైన లోటస్ ఎక్సీజ్ ఎస్‌కి పెట్టింది. వాళ్లందరికీ తెలియనిది మనకు తెలిసిందా?

ఏడువేల_ఆర్పీఎం
ఎంఆర్2 ఉదాహరణ మీ మెడకే చుట్టుకుంటుంది. టొయోటా ఊరికే బ్లోయర్ బిగించి పంపలేదు. కంప్రెషన్ నిష్పత్తి 8కి దించింది, ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేసింది, అవసరం లేనప్పుడు బ్లోయర్ తిరగకుండా మాగ్నెటిక్ క్లచ్ పెట్టింది, ఇంటర్‌కూలర్ కూడా ఇచ్చింది. మీరు 9.4 కంప్రెషన్ ఉన్న ముప్పై ఏళ్ల పాత ఇంజిన్ మీద సెలవు రోజు మధ్యాహ్నం స్పానర్ పట్టుకుని బిగించమంటున్నారు. రెండూ ఒకటేనా?

బెల్టు_బాబాయి
9.4 ఎక్కువంటారా? లోటస్ వాడిన 2జెడ్‌జెడ్ ఇంజిన్‌ది 11.5. దాన్ని దించకుండానే బ్లోయర్ పెట్టారు. 2008లో వచ్చిన ఎలీస్ ఎస్‌సీకి ఇంటర్‌కూలర్ కూడా లేదు.

ఏడువేల_ఆర్పీఎం
లోటస్ వాళ్లకు ఆ ఈసీయూని (ఇంజిన్ నడిపే కంప్యూటర్‌ని) దిద్దే ఇంజినీర్లున్నారు. ఈ 1.6లో గాలిని కొలిచేది ఒక ఫ్లాప్. అది పూర్తిగా తెరుచుకున్నాక ఇంకెంత గాలి వచ్చినా ఈసీయూకి తెలియదు. అందుకే ఈ కిట్లలో పెట్రోల్ ప్రెషర్ పెంచే రెగ్యులేటర్ ఇచ్చి చేతులు దులుపుకున్నారు. పెట్రోల్ ఎంత వెళ్తోందో అంచనా తప్ప కొలత లేదు. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేవాడూ లేడు. నాక్ (పెట్రోల్ వేళ కాని వేళ పేలడం) మొదలైతే పిస్టన్ గతి ఏంటి?

పాప్‌అప్_లైట్లు
స్టాండలోన్ ఈసీయూ (కంపెనీది తీసి, మనకు కావలసినట్టు దిద్దుకునేది) వేయిస్తే సరిపోతుందా? దానికో వైడ్‌బ్యాండ్ మీటర్ (గాలి, పెట్రోల్ పాళ్లు చూపేది) కూడా అనుకుంటున్నాను.

టర్బో_తమ్ముడు
టర్బో పెట్టేస్తే ఈ గొడవే లేదు అన్నా.

స్పానర్_14
ఈసీయూ తర్వాత. గాట్లు లెక్కపెట్టారా?

నిమ్మళం
అంత వేగం కావాలంటే ఎలక్ట్రిక్ కారు కొనుక్కుంటే పోలా?

బెల్టు_బాబాయి
పాప్‌అప్ గారూ, సరిపోతుంది. ఈసీయూ మార్చి, మంచి ట్యూనర్ దగ్గర డైనో (ఇంజిన్ శక్తి కొలిచే యంత్రం) మీద మ్యాప్ చేయిస్తే నాక్ భయం ఉండదు. మంచి ఆక్టేన్ పెట్రోల్ వాడండి. 1.6 కార్లలో డిఫరెన్షియల్ రింగ్ గేర్ 6 అంగుళాలది, కాస్త నాజూకు. 1.8 వచ్చాక 7 అంగుళాలది పెట్టారు, అది దొరికితే మార్చుకోండి. ఎలాగూ క్లచ్‌లు దండిస్తూ లైట్ల దగ్గర రేసులాడే వయసు కాదు మనది, కాబట్టి తొందరేం లేదు.

ఏడువేల_ఆర్పీఎం
ఈసీయూ, వైడ్‌బ్యాండ్, డైనో, డిఫరెన్షియల్. పావు వంతు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నారుగా.

"మంచి ట్యూనర్" అనే మాట దగ్గర నా సంగతి చెప్తాను. నాది 1.8. పేరున్న ట్యూనరే, డైనో మీదే. గ్రాఫ్ ప్రింట్ తీసి చేతిలో పెట్టాడు, ఫ్రేమ్ కట్టించుకునేంత అందంగా ఉంది. కొన్నాళ్లకు ఆయిల్ బ్రీదర్ గొట్టంలోంచి పొగ. కంప్రెషన్ చూస్తే మూడు సిలిండర్లు బాగున్నాయి, ఒకటి వాటిలో సగం కూడా లేదు. హెడ్ విప్పి పిస్టన్ బయటికి తీస్తే రెండు రింగుల మధ్య ఉండే గట్టు విరిగి, ముక్క చేతిలోకి ఊడొచ్చింది. పై ఆర్పీఎంలలో పెట్రోల్ చాలలేదు, అంతే సంగతి. అడిగితే "మీరే ఎక్కువ తొక్కారు" అన్నాడు. స్పోర్ట్స్ కారు తొక్కకపోతే దేనికి? ఆ కారుని చివరికి విడిభాగాలుగా అమ్ముకున్నాను.

బెల్టు_బాబాయి
అయ్యో. కానీ ఏ రకం బ్లోయర్ అది?

ఏడువేల_ఆర్పీఎం
సెంట్రిఫ్యూగల్.

బెల్టు_బాబాయి
అదీ సంగతి. సెంట్రిఫ్యూగల్‌కి బూస్ట్ ఆర్పీఎంతో పాటు ఎక్కుతూ పోతుంది, రెడ్‌లైన్ దగ్గరే అత్యధికం. ఇంజెక్టర్లు చేతులెత్తేసేదీ అక్కడే. రూట్స్‌లో బూస్ట్ ఇంచుమించు సమంగా ఉంటుంది. మీ ట్యూనర్ చేసిన పాపానికి నా బ్లోయర్‌ని దోషిని చేస్తే ఎలా?

ఏడువేల_ఆర్పీఎం
నా ఇంజిన్ పోయిందంటే మీరు రకాలు చెప్తున్నారు. సరే, సూటిగా అంటాను. ఈ కారుకి శక్తి చాలదనే వాళ్లలో నూటికి తొంభై మంది బ్రేక్ ముందే వేసేస్తారు, మలుపులో వేగం పోగొట్టుకుంటారు, బయటికొచ్చాక ఇంజిన్ లాగడం లేదంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ముందు నడపడం నేర్చుకుంటే 116 చాలు.

బెల్టు_బాబాయి
ఎవరికి రానిది ఆడటం? నాకా? నువ్వు నా పక్కన కూర్చుని చూశావా? మర్యాదగా మాట్లాడుతున్నాను కదా అని నెత్తికెక్కకు.

నేను మలుపుల్లో ఎవరికీ తీసిపోను. నాకు సమస్య మలుపు కాదు. ఇద్దరం కూర్చుని, డిక్కీ నిండా సామాను, ఎత్తు రోడ్డు, ముందు లారీ. నాలుగో గేర్‌లో కాలు నొక్కితే చప్పుడు పెరుగుతుంది గానీ కారు కదలదు. మూడుకి దించు, చాలదు. రెండుకి దించి ఆరున్నర వేల దాకా అరిపించి లారీ పక్కకి చేరేసరికి ఎదురుగా మలుపులోంచి బస్సు. మా ఆవిడ ఆ రోజు నుంచి ఈ కారెక్కనని కూర్చుంది. బ్లోయర్ పెట్టాక అదే రోడ్డు మీద మూడో గేర్‌లో, మాట కూడా ఆపకుండా దాటేస్తాను. ఇప్పుడు ఎక్కుతోంది. ఇందులో నేను నేర్చుకోవాల్సిన నడపడం ఏముందో చెప్పు.

పర్యవేక్షకుడు
"నువ్వు"లు, "నెత్తికెక్కడాలు" వద్దు. ఇద్దరికీ చెప్తున్నాను.

ఏడువేల_ఆర్పీఎం
మద్దెల మాట మిమ్మల్ని ఉద్దేశించి అన్నది కాదు. కానీ మీరు ఇప్పుడు చెప్పిన దాంట్లోనే మన తేడా మొత్తం ఉంది, ఇన్నాళ్లూ పది, ముప్పై అని కొట్టుకున్నాం.

మీరు కష్టం అంటున్న ఆ రెండు గేర్లు దించడం, ఆ ఏడు వేల దాకా అరిపించడం, నేను ఆ కారు కొన్నదే అందుకోసం. ఆధునిక కార్లలో రెండో గేర్ చివరిదాకా కాలు ఆనించి ఉంచితే లైసెన్స్ పోతుంది. దీంట్లో రోజూ చేయొచ్చు. ఇంజిన్ దగ్గరున్నదంతా పిండుకుని కూడా ఎవరికీ ప్రమాదం లేకుండా ఇంటికి రావచ్చు. బూస్ట్ పెట్టాక నాకు ఆ అవకాశమే పోయింది. సగం కాలుతోనే పని అయిపోయేది, మిగతా సగం ఎప్పుడూ వాడేది కాదు. నిజం చెప్పాలంటే ఇంజిన్ పోకముందే నాకు ఆ కారు మీద మోజు పోయింది.

బెల్టు_బాబాయి
ఇది ముందే చెప్తే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. మీకు తక్కువ శక్తి ఈ కారు రుచి. నాకు ఈ కారులో ఉన్న ఒకే ఒక్క లోపం. లారీ వెనక పడి ఉండటంలో రుచి నాకు కనబడదు.

ఏడువేల_ఆర్పీఎం
లారీ వెనక ఆగండి. తొందరేంటి? స్పోర్ట్స్ కారు ఓవర్‌టేక్ చేయడానికా?

బెల్టు_బాబాయి
మరి ఆగడానికా?!

లెక్కల_మాస్టారు
పాప్‌అప్ గారూ, వీళ్లిద్దరిలో మీరెవరో తేల్చుకుంటే బ్లోయర్ సంగతి తేలిపోతుంది. ఈసారి దూర ప్రయాణంలో కాలు పూర్తిగా ఆనించిన ప్రతిసారీ సంతోషం వేసిందా, విసుగొచ్చిందా గమనించండి.

పాప్‌అప్_లైట్లు
కొండ దారిలో ఒంటరిగా వెళ్తే ఏడువేల గారి మనిషిని, హైవే మీద బాబాయి గారి మనిషిని. సాయం చేసినట్టా ఇది!

స్పానర్ గారూ, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. ఇప్పుడే టార్చ్ వేసి చూశాను. నాలుగు గాట్లు.

స్పానర్_14
ఇందుకే మొదటి రోజు నుంచి అడుగుతున్నాను. నాలుగంటే పొట్టి ముక్కు క్రాంక్ (పుల్లీ బిగించే చివర పొట్టిగా ఉన్న ఇంజిన్ షాఫ్ట్). 1991 మధ్య వరకు వచ్చిన 1.6లలో ఉండేది. టైమింగ్ బెల్టు మార్చినప్పుడు ఆ పుల్లీ బోల్టు సరిగ్గా బిగించకపోతే కీ (పుల్లీ జారకుండా పట్టే చిన్న లోహపు ముక్క), దాని గాడి అరిగిపోతాయి, పుల్లీ వంకరగా ఊగుతుంది, టైమింగ్ జారుతుంది. అక్కడితో క్రాంక్ పని అయిపోయినట్టే. సూపర్‌చార్జర్ బెల్టు లాగేది సరిగ్గా ఆ ముక్కునే.

ఐడిల్‌లో పెట్టి పుల్లీ అంచు చూడండి, ఊగుతోందా. ఊగకపోయినా బోల్టు తీయించి కీ గాడి చూడకుండా కిట్ బిగించొద్దు. ఏమాత్రం అరిగినా ఎనిమిది గాట్ల ఇంజిన్ వెతుక్కోండి.

బెల్టు_బాబాయి
నాదీ నాలుగు గాట్లే. ఇన్నేళ్లలో ఏమీ కాలేదు.

ఏడువేల_ఆర్పీఎం
ఇంకా కాలేదు అనండి.

బెల్టు_బాబాయి
మళ్లీ మొదలుపెట్టారా?

పాప్‌అప్_లైట్లు
అతనికి ఫోన్ చేసి ఇంకో వారం గడువు అడిగాను, సరేనన్నాడు. ఈలోగా పుల్లీ విప్పిస్తాను. స్పానర్ గారూ, గాడి బాగుందనే అనుకుందాం. పాత ఎం45 కొనేముందు ఏమేం చూడాలి?

స్పానర్_14
ముక్కు భాగంలో దానికి వేరే ఆయిల్ ఉంటుంది, కొంచెమే. అసలు ఉందా, నల్లబడిందా చూడండి. పుల్లీని చేత్తో తిప్పండి, గరగరమనకూడదు. అతని కారు మీద ఇంకా బిగించే ఉంటే ఐడిల్‌లో వినండి. గులకరాళ్లు కదిలినట్టు వినిపిస్తే లోపలి కప్లర్ అరిగింది. అది మార్చుకోవచ్చు, కానీ బేరంలో ఆ డబ్బు తగ్గించమనండి.