మినీనెట్‌ల 10 జీ లింకు పెడితే 350 ఎంబీపీఎస్ కూడ దాటుతలేదు, ఎక్కడ తప్పు?

పానగల్లు_పోరడు
అన్నలూ జెర చెప్పుండ్రి, నల్లగొండల బీటెక్ ఫైనలియర్, ప్రాజెక్టు కోసం మినీనెట్‌ల (ఒక్క కంప్యూటర్‌లనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టే సాఫ్ట్‌వేర్) రెండు హోస్టులు, మధ్యల ఒక స్విచ్, బ్యాండ్‌విడ్త్ 10000 ఇచ్చి ఒక లింకుకు డిలే 20 మిల్లీసెకన్లు పెట్టిన. పింగ్ పోను రాను కలిపి మంచిగనే 40 చూపిస్తది గని స్పీడు కొలిచే ఐపెర్ఫ్ కొడితే 700 ఎంబీపీఎస్ చుట్టు, ఎవలో చెప్తే టీఎస్‌ఓ జీఎస్‌ఓ (డేటాను పెద్ద ముద్దగ పంపి చివర్ల పాకెట్లు చేసే ఆఫ్‌లోడ్లు) ఆఫ్ చేసిన, ఇంకా పడి 350కి వచ్చింది. ఆఫ్‌లోడ్ ఆన్‌ల ఉంచి డిలే తీసేస్తేనేమో 18 జీ పోతున్నది, మరి 10కి లిమిట్ పెట్టినం గదా?? రివ్యూ సోమవారమే.

పాలమూరు_ప్యాకెట్
తమ్మీ మొదలు ఆ 18 సంగతి. మినీనెట్ బ్యాండ్‌విడ్త్ 1000 వరకే తీసుకుంటది, ఎక్కువిస్తే రేంజ్‌ల లేదని ఒక లైన్ చూపించి లిమిట్ లేకుండనే లింకు లేపుతది, ఆ లైన్ ఎవలూ చూడరు, నేను కూడ చూడలే అప్పట్ల.

ఇగ డిలే. సాగర్ ఎడమ కాలువ యాది చేసుకో, తూము లేపంగనే చివరి ఆయకట్టుకు నీళ్లు పోతయా, ముందు కాలువంత నిండాలె. 10 జీ, 40 మిల్లీసెకన్లంటే దారిల ఎప్పుడూ 50 ఎంబీ డేటా నడుస్తుండాలె, లైనక్స్‌ల టీసీపీ పంపే బఫరేమో మామూలుగ 4 ఎంబీ దాటది, దాన్ని బిట్లల చేసి 40 మిల్లీసెకన్లతోని భాగిస్తే 840 ఎంబీపీఎస్ దగ్గర, గందుకే నీకు 700.

ఆఫ్‌లోడ్ తీసినంక పడ్డది నెటెం వల్ల, గదే లైనక్స్‌ల డిలే పెట్టేది. పాకెట్లు దాంట్లనే 20 మిల్లీసెకన్లు ఆగాలె, కని డిఫాల్ట్‌గ 1000 పాకెట్లే పడతయి, 1500 బైట్లవైతే 600 ఎంబీపీఎస్‌కే నిండిపాయె, పైన వచ్చినవన్నీ డ్రాప్. జీఎస్‌ఓ ఉంటే 64 కేబీ దాకా ముద్దను ఒక్క పాకెట్ కిందనే లెక్కేస్తది కాబట్టి అప్పుడు బయటపడ్డవు. టీసీ మైనస్ ఎస్ క్యూడిస్క్ షో అని కమాండ్ కొట్టి డ్రాప్డ్ ఎంతుందో చూడు.

పానగల్లు_పోరడు
వామ్మో వేలల్ల ఉంది అన్నా!! మ్యాక్స్ క్యూ సైజ్ 50000 పాకెట్లు చేసిన, టీసీపీ బఫర్లు ఆర్‌మెమ్ డబ్ల్యూమెమ్ 128 ఎంబీ, ఆఫ్‌లోడ్ మళ్ల ఆన్. ఇప్పుడు 6 జీ, ఆడికెళ్లి కదుల్తలేదు.

మిర్యాలగూడ_మరాఠీమోటర్
టాప్ తెరిచి చూడు, ఒక కోర్ 100 మీదనే కూసుంటది. ఐపెర్ఫ్3 వర్షన్ 3.16 కంటే పాతదైతే మైనస్ పీ 8 ఇచ్చినా అన్ని స్ట్రీములు ఒక్క థ్రెడ్డే గుంజాలె. వర్చువల్‌బాక్స్‌ల నడుపుతున్నవా? అయితే ఇంకా కష్టం. మినీనెట్ సిమ్యులేటర్ కాదు, అసలు గడియారంతోనే నడుస్తది, 10 జీ అంటే సెకనుకు 8 లక్షల పైన పాకెట్లు, సీపీయూ అందుకోకపోతే వచ్చిన నంబర్ నీ ల్యాప్‌టాప్‌ది, నెట్‌వర్క్‌ది కాదు. నేనైతే 1 జీకి దించి చేస్త. కని అప్పుడు కూడ క్యూ సైజ్ మర్వకు, 1 జీకి 20 మిల్లీసెకన్లంటే 1667 పాకెట్లయితయి, 1000 సరిపోదు.

పానగల్లు_పోరడు
వర్చువల్‌బాక్సే అన్నా, 4 కోర్లు. బ్యాండ్‌విడ్త్ 1000 పెట్టిన, ఇప్పుడు గీత లెక్క 956 వస్తున్నది, ఎన్నిసార్లు కొట్టినా అదే. మిగతా 44 ఏడికి పోతున్నది, సారు పక్కా అడుగుతడు.

పాలమూరు_ప్యాకెట్
హెడర్లకు. 1514 బైట్ల ఫ్రేమ్‌ల నీ డేటా 1448, బోర్డు మీద భాగించి చూపెట్టు.