వియత్నాం హైస్కూలు 11వ తరగతి ఇంగ్లీష్ మిడ్‌టర్మ్: పేపరు ఎలా కట్టాలి, స్పీకింగ్ ఎక్కడ పెట్టాలి?

దానాంగ్_తెలుగు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. దానాంగ్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో అక్కడి టీచర్లతో కలిసి 11వ తరగతి మొదటి సెమిస్టరు మిడ్‌టర్మ్ ఇంగ్లీష్ పేపరు తయారు చేయాలి. పాఠ్యపుస్తకం గ్లోబల్ సక్సెస్. సిలబస్ మొదటి మూడు యూనిట్లు: ఆరోగ్యంగా ఎక్కువ కాలం బతకడం, తరాల అంతరం, భవిష్యత్తు నగరాలు. నాలుగు సెక్షన్లు, సెక్షనుకు 45 మంది.

తోటి టీచర్లలో ఇద్దరు "గ్రాడ్యుయేషన్ (12వ తరగతి చివరి) పరీక్షలాగే 40 బిట్లు ఇచ్చేద్దాం, దిద్దడం తేలిక" అంటున్నారు. లిజనింగ్, రైటింగ్, స్పీకింగ్ కూడా ఉండాలని రూల్ ఉందని మూడో ఆవిడ అంటున్నారు. ఒక గంటలో ఇవన్నీ పడతాయా? స్పీకింగ్ 45 మందికి ఎన్ని పీరియడ్లు తింటుంది? పక్కపక్క పిల్లలకి వేరే కోడ్ పేపర్లు (అవే ప్రశ్నలు, వరస మార్చి) ఇవ్వాలంటే దేంట్లో జాగ్రత్తపడాలి?

---

పేపర్‌సెట్టర్:

ముందు మార్కుల లెక్క చూసుకోండి, సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

అక్కడ మార్కులకి ఆధారం విద్యాశాఖ 2021లో ఇచ్చిన 22వ నంబరు సర్క్యులర్. హైస్కూల్లో ఇంగ్లీష్‌కి ఏడాదికి 105 పీరియడ్లు, అంటే వారానికి 3. ఏడాదికి 70 పీరియడ్లు దాటిన సబ్జెక్టుకి సెమిస్టరులో 4 రెగ్యులర్ మార్కులు (క్లాసు నడుస్తుండగా టీచరు వేసేవి), ఒక మిడ్‌టర్మ్, ఒక ఫైనల్ ఉంటాయి. రెగ్యులర్‌కి వెయిటేజీ 1, మిడ్‌టర్మ్‌కి 2, ఫైనల్‌కి 3. అన్నీ పదికే. మిడ్‌టర్మ్ పేపరు సమయం 60 నుంచి 90 నిమిషాలు ఉండొచ్చు.

ఒక పిల్లాడికి రెగ్యులర్ 8, 7, 9, 8 వచ్చాయనుకోండి. మొత్తం 32. మిడ్‌టర్మ్ 6 అయితే రెట్టింపు 12. ఫైనల్ 5.5 అయితే మూడింతలు 16.5. మొత్తం 60.5ని 9తో భాగిస్తే 6.7. కాగితం మీద ఆరు దాటని వాడు రెగ్యులర్ మార్కుల పుణ్యాన దాదాపు ఏడుకి చేరాడు. రెగ్యులర్ మార్కులు ఉదారంగా పడే స్కూళ్లలో ఇది మామూలే.

ఆ సగటు వెళ్లేది వాళ్లు హోక్ బా అనే మార్కుల రికార్డులోకి. 2025 నుంచి గ్రాడ్యుయేషన్ ఫలితంలో హోక్ బా వాటా 50 శాతం (అంతకు ముందు 30). అందులో 10, 11, 12 తరగతులకి వెయిటేజీ 1:2:3. మీరు కట్టేది 11వ తరగతి పేపరు, అంటే రెండింతల బరువున్నది. పావు మార్కు కోసం తల్లిదండ్రులు స్కూలుకొస్తే ఆశ్చర్యపోకండి.

రూల్ సంగతి: పదేళ్ల కిందటే, 2014లో, నాలుగు నైపుణ్యాలూ పరీక్షించాలని ఇంగ్లీష్ కోసం ప్రత్యేకంగా ఆదేశం ఇచ్చారు. ఆ మూడో ఆవిడ మాటే సరైనది.

---

బిట్‌బ్యాంక్:

నేనైతే పది మార్కులు ఇలా పంచుతాను. లిజనింగ్ 8 ప్రశ్నలు, 2 మార్కులు, 12 నిమిషాలు. పదాలు, వ్యాకరణం 8 ప్రశ్నలు, 2 మార్కులు, 8 నిమిషాలు. రీడింగ్ రెండు పాఠాల మీద 10 ప్రశ్నలు, 2.5 మార్కులు, 20 నిమిషాలు. రైటింగ్ 120–150 మాటల పేరా, 1.5 మార్కులు, 20 నిమిషాలు. ఇక్కడికి గంట సరిపోయింది. స్పీకింగ్‌కి 2 మార్కులు, వేరే రోజున.

పేపరుకి ముందు మ్యాట్రిక్స్ అనే ప్రణాళిక పట్టిక కట్టాలి. అది ఈ అంకెల పట్టిక ఒక్కటే కాదు. గుర్తుపట్టడం, అర్థం చేసుకోవడం, వాడగలగడం, ఈ మూడు స్థాయిల్లో ఏ ప్రశ్న ఎక్కడ పడుతుందో ముందే రాసుకోవాలి. 40-30-30 నిష్పత్తి ఎక్కువ చోట్ల నడుస్తుంది. జరిగే తప్పేంటంటే, పేపరు ముందు రాసేసి మ్యాట్రిక్స్ తర్వాత దానికి సరిపడేలా నింపుతారు. అలా చేస్తే రీడింగ్ ప్రశ్నలు పదికి ఎనిమిది "ఫలానా మాట ఏ పేరాలో ఉంది" రకానివే మిగులుతాయి.

రీడింగ్ పాఠం పుస్తకంలోది వద్దు. అదే అంశం మీద కొత్తది, 220–280 మాటలది తీసుకోండి. 12వ తరగతి పూర్తయ్యేసరికి చేరాల్సింది వాళ్ల ఆరు మెట్ల భాషా నైపుణ్య చట్రంలో మూడో మెట్టు, యూరప్ లెక్కలో బీ1 (దాని కింది మెట్టు ఏ2). కాబట్టి 11లో పాఠం ఏ2 పైఅంచు నుంచి బీ1 మధ్యలో ఉండాలి. ప్రశ్నలు రాశాక పాఠాన్ని మూసేసి వాటికి మీరే జవాబులు చెప్పి చూడండి. తరాల అంతరం మీద "తాతలు, మనవళ్లు ఎందుకు గొడవపడతారు" అని అడిగి, జవాబుగా "అభిప్రాయ భేదాల వల్ల" అని పెడితే పాఠం చదవక్కర్లేదు. అలాంటి ప్రశ్న తీసేయండి.

తప్పు ఆప్షన్లు గాలిలోంచి తీయొద్దు, పిల్లలు నిజంగా చేసే తప్పుల్లోంచే తీయండి. వియత్నామీస్‌లో క్రియ రూపం మారదు, అందుకే "షీ గో" రాస్తారు. విశేషణమే క్రియలా నిలబడుతుంది, అందుకే "షీ వెరీ టాల్" అంటారు. (మన భాషలో "ఆమె టీచరు" అంటే వాక్యం పూర్తయిపోతుంది కదా, ఈ తప్పు మనకి పరాయిదేం కాదు.) "ఆల్‌దో" తర్వాత "బట్" కూడా పెట్టేస్తారు, వాళ్ల భాషలో రెండు మాటలూ జంటగా వస్తాయి కాబట్టి. ఈ మూడూ తప్పు ఆప్షన్లుగా పనికొస్తాయి. ఎవరూ ఎంచుకోని ఆప్షన్ పెడితే అది మూడు ఆప్షన్ల ప్రశ్నే. ఇంకోటి, నాలుగింటిలో బాగా పొడుగ్గా ఉన్నదే జవాబు అయ్యే అలవాటు పేపర్ రాసే ప్రతివాళ్లకీ ఉంటుంది. అచ్చుకి ఇచ్చే ముందు పొడవులు సరిచేయండి.

రైటింగ్ 1.5ని విషయానికి 0.5, వరస, పదాలు, వ్యాకరణం, కలిపే మాటలకి తలా 0.25గా విడగొట్టండి. నాలుగు సెక్షన్లకి 180 పేపర్లు, పేపరుకి 3 నిమిషాలేసుకున్నా 9 గంటలు. అందుకే మీ తోటివాళ్లు 40 బిట్లు అంటున్నారు, వాళ్లనీ తప్పుపట్టలేం.

---

హనోయి_మాస్టారు:

40 బిట్ల ప్రతిపాదన గురించి. 2025 నుంచి గ్రాడ్యుయేషన్ పరీక్షలో లిటరేచర్, లెక్కలు మాత్రమే తప్పనిసరి. ఇంకో రెండు సబ్జెక్టులు ఎంచుకోవాలి, ఇంగ్లీష్ ఆ ఎంపికల్లో ఒకటి. పేపరు 50 నిమిషాలు, 40 ప్రశ్నలు, ఒక్కోటి 0.25. అంతకు ముందు 60 నిమిషాలు, 50 ప్రశ్నలు. విడిగా ఇచ్చే ఉచ్చారణ, స్ట్రెస్ (మాటలో ఎక్కడ ఒత్తి పలకాలనే) బిట్లు పోయాయి. అన్నీ పాఠం ఆధారంగానే ఉంటాయి. నమూనా పేపర్లో ప్రకటన, కరపత్రం లాంటి రెండు చిన్న పాఠాల్లో ఖాళీలు ఆరేసి, వాక్యాలని వరసలో పెట్టేవి 5, పాఠంలో వాక్యభాగాలు నింపేవి 5, చివర రెండు రీడింగ్ పాఠాల మీద 8, 10. ప్రశ్నకి 75 సెకన్లు, పాఠం చదివే సమయం కూడా అందులోనే.

పాత పేపర్లో "ఈ నాలుగింటిలో ఏ మాట చివరి 'ఈడీ' వేరుగా పలుకుతుంది" అని అడిగేవారు. వాంటెడ్‌లో 'ఇడ్', వాష్డ్‌లో 'ట్', ప్లేడ్‌లో 'డ్'. సూత్రం బట్టీపట్టి పావు మార్కు తెచ్చుకున్నవాడు నోరు తెరిస్తే మూడింటినీ ఒకేలా అంటాడు. అది తీసేయడం మంచి పనే, నా మాటకొస్తే ఆలస్యంగా చేశారు.

అయితే కొత్తదాన్లోనూ లిజనింగ్ లేదు, స్పీకింగ్ లేదు, చేత్తో రాసేది లేదు. మీ మిడ్‌టర్మ్ కూడా దాని నకలైతే ఆ మూడూ మూడేళ్లపాటు ఎక్కడా కొలవరు. గుడ్డి లెక్క ఒకటి చెప్తా: నాలుగు ఆప్షన్ల 40 ప్రశ్నలకి చూడకుండా గీకితే సగటున 10 సరిపోతాయి, అంటే 2.5. ఆ పరీక్షలో దియెం లియెత్, అంటే దానికి దిగితే మొత్తం తప్పినట్టే అనే గీత, 1.0. ఏమీ రానివాడు కూడా అదృష్టం మరీ అడ్డం తిరిగితే తప్ప ఆ గీత కిందికి పోడు. 2025లో ఇంగ్లీష్ దేశ సగటు 5.38. అందులో ఈ గుడ్డి వాటా ఎంతో ఆలోచించండి.

వాక్యాలు వరసలో పెట్టే బిట్లు పెట్టేటప్పుడు ఒక చిక్కు. నాలుగు ఆప్షన్లూ నాలుగు వేర్వేరు వాక్యాలతో మొదలైతే మొదటి వాక్యం తెలిస్తే చాలు, మిగతావి చదవరు. ఒకే వాక్యంతో మొదలయ్యేవి కనీసం రెండు ఉండాలి, తేడా మధ్యలో రావాలి. ఉత్తరమైతే "డియర్" ముందు, సంతకం చివర అని అందరికీ తెలుసు. ఆ రెండూ కదలకుండా ఉంచి లోపలివే కలపండి.

---

నోటిపరీక్ష:

బిట్‌బ్యాంక్ గారూ, మీ పంపకం బాగుంది కానీ స్పీకింగ్‌ని మిడ్‌టర్మ్‌లో ఇరికించడం నాకు నచ్చలేదు. లెక్క చూడండి. మిడ్‌టర్మ్‌లో పదికి 2 మార్కులు, దాని వెయిటేజీ 9లో 2, అంటే సెమిస్టరు సగటులో 4.4 శాతం. అదే నాలుగు రెగ్యులర్ మార్కుల్లో ఒకటి పూర్తిగా స్పీకింగ్‌కి ఇస్తే 9లో 1, అంటే 11.1 శాతం. మిడ్‌టర్మ్, ఫైనల్ రెండింట్లోనూ 2 మార్కులు పెట్టినా వచ్చేది ఆ 11.1 శాతమే, పరీక్ష మాత్రం రెండుసార్లు పెట్టాలి. ప్రశ్నోత్తరాలు, ప్రెజెంటేషన్ రూపంలో రెగ్యులర్ మార్కు వేయొచ్చని సర్క్యులరే చెప్తుంది. అప్పుడు మిడ్‌టర్మ్‌లో మిగిలిన 2 మార్కుల్లో ఒకటి రైటింగ్‌కి, ఒకటి లిజనింగ్‌కి పోతాయి. సమయం 60 నుంచి 75కి పెంచండి.

ఇక 45 మంది సంగతి. జంటకి 5 నిమిషాలు, మారడానికి 1. 45 నిమిషాల పీరియడ్‌లో 7 విడతలు, 42 నిమిషాలు. మూడు పీరియడ్లకి 21 విడతలు. జంటలుగా విడగొడితే 21 జంటలు పోగా ముగ్గురు మిగులుతారు, ఆ విడత నాలుగో పీరియడ్‌లోకి జారుతుంది. దానికి బదులు 18 జంటలు, 3 ముగ్గురేసి జట్లు చేయండి. పీరియడ్‌కి ఒక ముగ్గురి జట్టు వస్తుంది, మిగిలిన 3 నిమిషాలు దానికి. లెక్క అతికినట్టు సరిపోతుంది.

మాట్లాడాల్సిన అంశం రాసిన కార్డులు ఆరు సెట్లు ఉండాలి, లేకపోతే మొదటి జంట బయటికెళ్లి ప్రశ్న చెప్పేస్తుంది. జంటలో ఇద్దరికీ వేర్వేరు సమాచారం ఉన్న కార్డులివ్వండి: ఒకరికి మెట్రో ఉన్న నగరం, ఇంకొకరికి పచ్చదనం ఉన్న నగరం, ఎక్కడ ఉండాలో ఇద్దరూ తేల్చుకోవాలి. ఒకే బొమ్మ ఇస్తే గట్టివాడు మాట్లాడేస్తాడు, రెండోవాడు "యెస్, ఐ అగ్రీ"తో సరిపెడతాడు.

మార్కులు వేసేటప్పుడు చివరి హల్లుల దగ్గర జాగ్రత్త. మనం బస్‌కి ఉకారం తగిలించి బస్సు చేస్తాం, వాళ్లు చివరి శబ్దాన్నే మింగేస్తారు. వియత్నామీస్ మాట చివర స, ఫ, ల లాంటివి రావు. నైస్, నైట్, నైఫ్ మూడూ మన చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. "టూ బుక్" అన్నాడంటే అది ఉచ్చారణ తప్పా, వ్యాకరణం తప్పా? వెంట్, సా, చిల్డ్రన్ లాంటి పూర్తిగా మారిపోయే రూపాలు సరిగ్గా వాడుతున్నాడేమో వినండి. వాడుతుంటే వ్యాకరణం వచ్చు, నోరు తిరగట్లేదు. ఉచ్చారణలో ఒకసారే తగ్గించండి, రెండు చోట్లా కోయకండి.

ఈ తలనొప్పి వాళ్లొక్కరిదే కాదు లెండి. తెలంగాణ ఇంటర్‌లో 2023-24 నుంచి ఇంగ్లీష్‌కి 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు, అక్కడా మొదటి ప్రశ్న ఇంతమందిని ఎప్పుడు వినాలనే.

---

దానాంగ్_తెలుగు:

చాలా థాంక్స్ అండీ. స్పీకింగ్‌ని రెగ్యులర్‌లోకి మార్చమనే చెప్తాను, ఆ 4.4 లెక్క చూపిస్తే ఒప్పుకుంటారు. కోడ్‌ల సంగతి ఎవరైనా చెప్తారా? వాళ్లు మెక్‌మిక్స్ అనే ప్రశ్నలు తారుమారు చేసే సాఫ్ట్‌వేర్ వాడతారట.

---

బిట్‌బ్యాంక్:

నోటిపరీక్ష గారి లెక్క ముందు నా పంపకం వెనక్కి తీసుకుంటున్నా.

కోడ్‌లు నాలుగు చాలు. మెక్‌మిక్స్‌లో ప్రశ్నల్ని గుంపులుగా పెట్టి, ఏ గుంపులో ఏం కలపాలో (అంటే దేని వరస మార్చాలో) గుంపు గుంపుకీ చెప్పాలి. అన్నీ కలపమని వదిలేస్తే జరిగేది ఇదీ: లిజనింగ్ ప్రశ్నల వరస మారిపోతుంది, ఆడియో మాత్రం పాత వరసలోనే నడుస్తుంది. ఒక కోడ్ వచ్చిన పిల్లలు ఐదో ప్రశ్న చదువుతుంటే రెండో దాని జవాబు దాటిపోతుంది. కాబట్టి లిజనింగ్‌లో ఆప్షన్లు మాత్రమే కలపాలి. పాఠంలో ఖాళీలు నింపేవాటికీ అంతే, ఖాళీ నంబరు పాఠంలో ఉంటుంది, ప్రశ్న కదలకూడదు. "పైవన్నీ" అనే ఆప్షన్ అసలు పెట్టొద్దు, కలిపాక అది మొదటి స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది.

లిజనింగ్ జవాబులు కొన్ని తప్పొప్పుల రకానివి కాకుండా ఒక్క మాటతో నింపేవిగా పెట్టండి, తప్పొప్పులకి గుడ్డిగా సగం వస్తాయి. స్పెల్లింగ్ తప్పుకి మార్కు ఇవ్వాలా వద్దా అనేది నలుగురు టీచర్లూ దిద్దడానికి ముందే కాగితం మీద రాసుకోవాలి. ఆడియో రెండుసార్లు, వినిపించే ముందు ప్రశ్నలు చదవడానికి 30 సెకన్లు. స్పీకరు వెనక బెంచీకి వినపడుతుందో లేదో ఫ్యాన్లు తిరుగుతుండగా పరీక్షించండి, ఆపి కాదు.

దిద్దాక ఒక పని. టీఎన్‌మేకర్ లాంటి ఫోన్ యాప్‌తో స్కాన్ చేస్తే ప్రశ్నవారీ లెక్క వస్తుంది. సెక్షన్‌లో మొత్తం మార్కుల ప్రకారం పై 12 మంది, కింది 12 మందిని తీసుకోండి. ఒక ప్రశ్నకి పైవాళ్లలో 10 మంది, కిందివాళ్లలో 4 మంది సరిగ్గా రాస్తే తేడా 6ని 12తో భాగించండి: 0.5, మంచి ప్రశ్న. 0.2 లోపు వస్తే అనుమానించండి. సున్నా కంటే తక్కువొస్తే ముందు కీ చూడండి, చాలాసార్లు ఆ కోడ్‌కి కీ తప్పు ఎక్కించి ఉంటారు.

---

హనోయి_మాస్టారు:

ఒక్క ముక్క మర్చిపోయాం. పేపరు పనిలో ఉన్న టీచర్లు ఎవరూ ఆ యూనిట్లకి ముందుగా "రివిజన్ షీట్" పేరుతో అవే బిట్లు పంచకుండా చూసుకోండి. సొంత విద్యార్థులకి బయట డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పకూడదని 2025 ఫిబ్రవరి నుంచి నిబంధన అమల్లో ఉంది, కానీ రివిజన్ షీట్లకి అది అడ్డురాదు. షీట్‌లో అంశాలు, వ్యాకరణం పేర్లు ఉండొచ్చు, వాక్యాలు ఉండకూడదు.