పాత పికప్ వెనక ఎత్తు పెంచాక 60 దాటితే వణుకు

ప్రశ్న: వెనక కమాన్ కట్టలకు పాతవాటికన్నా 4 అంగుళాలు పొడవైన షాకిళ్లు (కట్ట వెనక కొసను ఛాసిస్‌కు కలిపే లింకులు) వేశాం. బండి 2 అంగుళాలు లేచింది. యాక్సిలరేటర్ నొక్కితే నేల కింద నుంచి వణుకు. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు (కీళ్లు) కొత్తవే. ఎక్కడ చూడాలి?

జవాబు 1: కట్ట వెనక కొస దిగిపోయింది, దాంతో పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే డిఫరెన్షియల్ ముందు గేరు) ముక్కు పైకి లేచింది. 48 అంగుళాల కట్టకైతే దాదాపు 5 డిగ్రీలు! బండి చక్రాల మీద నిలబడి ఉండగానే గేర్‌బాక్స్ అవుట్‌పుట్, పినియన్ కోణాలు కొలవండి. రెండు క్రాస్‌ల షాఫ్టయితే అవి సమాంతరంగా ఉండాలి. పినియన్ 1 డిగ్రీ తక్కువున్నా మేలే, లోడ్ పడితే అదే లేస్తుంది. తేడాకు సరిపడా చీలిక ముక్క (ఒక వైపు మందం, ఇంకో వైపు పలచన) కట్టకూ యాక్సిల్‌కూ మధ్య వేయండి. కట్ట యాక్సిల్ పైనుంటే ముక్క మందం వైపు ముందుకి. ఇనుపదే తీసుకోండి, అల్యూమినియం పగులుతుంది.

జవాబు 2: కట్ట పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు విప్పేముందు కట్టకు సి-క్లాంప్ బిగించండి, లేకుంటే పట్టీలు ఎగిరి తగులుతాయి. ముక్క మందానికి పొడవైన సెంటర్ బోల్టు కావాలి. కట్టను యాక్సిల్‌కు బిగించే పాత యూ-బోల్టులు మళ్లీ వాడొద్దు, సాగిపోయి ఉంటాయి. కొంత దూరం తిరిగాక మళ్లీ బిగించండి.

జవాబు 3: యాక్సిల్ పూర్తిగా వేలాడదీసి బ్రేక్ హోస్ చూడండి, బిగుసుకుంటే పొడవైనది వేయాలి. డిఫ్ (డిఫరెన్షియల్) బ్రీదర్‌కు, అంటే దాని గాలి రంధ్రానికి, గొట్టం తగిలించి ఛాసిస్ పైకి లాగండి. వేడెక్కిన డిఫ్ వాగులో దిగితే సీళ్ల గుండా నీళ్లు పీలుస్తుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే ఆలస్యమైనట్టే.