ఎర్ర నక్షత్రం కోసం 2006 దాకా గుమ్మం బయటేనా? మాగెన్ డేవిడ్ అదోమ్ మీద చర్చ

తటస్థుడు: ఇజ్రాయెల్ జాతీయ సహాయ సంస్థ మాగెన్ డేవిడ్ అదోమ్ 1930లో టెల్ అవీవ్‌లో పుట్టింది. అంబులెన్సులు, రక్తనిధి దానివే. దాని గుర్తు ఎర్ర డేవిడ్ నక్షత్రం, అంటే యూదుల ఆరు మొనల నక్షత్రం. 1950లో చట్టం కూడా వచ్చింది. అయినా రెడ్‌క్రాస్ ఉద్యమంలోకి 2006 జూన్‌లో గానీ రానివ్వలేదు. యుద్ధంలో గాయపడ్డవాళ్లనూ వాళ్లకు వైద్యం చేసేవాళ్లనూ కాపాడే జెనీవా ఒప్పందాల చర్చల్లో, 1929లో టర్కీ, ఈజిప్టుల ఎర్ర నెలవంకకీ, పర్షియా సింహం-సూర్యుడికీ సరే అన్నవాళ్లు 1949లో ఎర్ర డేవిడ్ నక్షత్రాన్ని 22-21 ఓట్లతో తోసిపుచ్చారు. పక్షపాతం కాదూ?

జెనీవా_జానకి: ఓటు తేడా ఒక్కటే కావచ్చు, కారణం మాత్రం చిన్నది కాదండీ. 1929 మినహాయింపు అప్పటికే వేరే గుర్తు వాడుతున్న దేశాలకే. ఇంకొకటి చేరిస్తే ప్రతి దేశమూ తన గుర్తు పట్టుకొస్తుంది. గుర్తు పని చేసేది దూరం నుంచి చూసిన సైనికుడు క్షణంలో పోల్చుకుంటేనే. మన దగ్గర మందుల షాపులూ, ప్రైవేటు క్లినిక్కులూ ఎర్ర శిలువ ఎలా వేసేసుకుంటాయో చూస్తూనే ఉన్నాం కదా. 1960 నాటి మన జెనీవా ఒప్పందాల చట్టం వద్దంటుంది, జరిమానా 500 రూపాయలకు మించదు, ఇక భయమేముంది!

ఇంకో మాట. యుద్ధంలో కాల్చకుండా కాపాడే రక్షణ చిహ్నం వేరు, ఫలానా సంస్థ మనిషని చెప్పే గుర్తింపు చిహ్నం వేరు. రెండోది చిన్న సైజులో ఉండాలి, చేతిపట్టీ మీదా ఇంటికప్పు మీదా వేయకూడదు (1949 మొదటి జెనీవా ఒప్పందం, 44వ అధికరణ). సొంత దేశంలో నక్షత్రం వాడకాన్ని ఎవరూ ఆపలేదు. అడ్డొచ్చింది సభ్యత్వ షరతు: శిలువో నెలవంకో, పేరూ గుర్తూ ఆ రెండింట్లో ఒకటి కావాలి.

తటస్థుడు: షరతులంటారా? మొదటి షరతు స్వతంత్ర దేశం. పాలస్తీనా రెడ్ క్రెసెంట్‌కి, 2006లో మాగెన్ డేవిడ్ అదోమ్‌ని చేర్చుకున్న అదే సమావేశంలో ఆ షరతు సడలించి చేర్చుకున్నారు. ఇరాన్ 1980లో సింహాన్ని వదిలేసినా ఆ గుర్తు ఇప్పటికీ ఒప్పందంలోనే ఉంది. అమెరికన్ రెడ్‌క్రాస్ 2000 నుంచి రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ సంఘాల అంతర్జాతీయ సమాఖ్యకు చందా ఆపేశాకే కదలిక వచ్చిందనిపిస్తుంది.

జెనీవా_జానకి: చందా ఒత్తిడి నిజమే, కాదనను. కానీ వచ్చిన పరిష్కారం నా వాదనకే దగ్గర. 2005 డిసెంబర్ 8న జెనీవా ఒప్పందాలకు చేర్చే మూడో అదనపు ప్రోటోకాల్ 98-27తో నెగ్గింది, 10 దేశాలు తటస్థం. అందులో నక్షత్రానికి చోటు దొరకలేదు. తెల్లటి నేల మీద మొన మీద నిలబెట్టిన ఎర్ర చతురస్రపు చట్రం వచ్చింది. అదే ఎర్ర స్ఫటికం.

పాత_ఫైలు: అక్కడే చాలామంది పొరబడతారు. నక్షత్రాన్ని స్ఫటికం లోపల పెట్టడం గుర్తింపు కోసమే. రక్షణ కోసమైతే స్ఫటికం ఖాళీగా ఉండాలి, లోపల ఏదైనా పెట్టారా, ఆ ప్రోటోకాల్ ప్రకారం అది రక్షణ చిహ్నం కాదు. స్వదేశంలో నక్షత్రం ఒక్కటీ వాడుకోవచ్చు. ఇజ్రాయెల్ సైనిక వైద్యదళం సంగతి వేరు: 1951లో ఇజ్రాయెల్ 1949 జెనీవా ఒప్పందాన్ని ధ్రువీకరిస్తూనే నక్షత్రమే వాడతామని మినహాయింపు రాసుకుంది. తటస్థుడు గారూ, 1949లో ఆ ఒక్క ఓటు ఇటు పడి ఉంటే తరవాత అడిగిన దేశానికి ఏమని జవాబిచ్చేవారో చెప్పండి.

తటస్థుడు: 2005లో ఇచ్చిన జవాబే 1949లోనూ ఇవ్వొచ్చుగా! మతం వాసన లేని ఖాళీ చట్రం గీయడానికి 56 ఏళ్లు కావాలా?