12 గంటల ప్లాన్ నా వారంలో పట్టడం లేదు: బ్యాంకు ఉద్యోగం, గోవా హాఫ్ ట్రయథ్లాన్

పామిడి రోడ్డు, అనంతపురం

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఒక బ్యాంకులో గోల్డ్ లోన్ల కౌంటర్ చూస్తాను. వయసు 39. ఈ ఏడాది గోవా హాఫ్‌కు పేరిచ్చాను. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు, మూడూ ఒకే రోజు, ఒకదాని వెనక ఒకటి. ఇంకా ఐదు నెలలుంది. పరుగు నాలుగేళ్లుగా అలవాటే, రెండు హాఫ్ మారథాన్లు పూర్తి చేశాను. సైకిల్ పోయిన దసరాకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఈత అంటే చిన్నప్పుడు మా ఊరి బావిలో నడుముకు బెండ్లు కట్టుకొని నేర్చుకున్నదే. మునగను, కానీ తల పైకెత్తి కొట్టే ఈత.

సమస్య టైముతోనే. నెట్‌లో దొరికిన 20 వారాల ప్లాన్ పట్టుకున్నాను, వారానికి 12 గంటలు అంటోంది. పాపను 7:50కి స్కూలు వ్యాను ఎక్కించాలి. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, 8:10కల్లా బయల్దేరాలి. నేను 9:40కి బ్రాంచిలో ఉండాలి. సాయంత్రం క్యాష్ టాలీ చేసి, నగల ప్యాకెట్లు సేఫ్‌లో పెట్టి బయటపడేసరికి 7, నెలాఖరులో 8. ఇప్పుడైతే విత్తనాల టైము. వేరుశనగ వేయడానికి డబ్బు కోసం ఆడవాళ్లు మెడలోవి తీసి కౌంటర్ మీద పెడతారు. వాళ్లను రేపు రమ్మని చెప్పి ఈతకు లేచిపోలేను, పోను కూడా.

ఇది రాయడానికి కారణం పోయిన రెండో శనివారం. సెలవు కదా అని, పామిడి దాటి 45వ కిలోమీటరు దగ్గర తిరుక్కొని వద్దామని 5:30కి బయల్దేరాను. 9కి ఇంట్లో ఉంటానని చెప్పాను. 9:30కి మా మామగారిని కంటి ఆపరేషన్ చెకప్‌కు తీసుకెళ్లాలి. పోయేటప్పుడు గాలి వీపు మీద చెయ్యిపెట్టి తోసినట్టు తోసింది. పామిడి దగ్గర పెన్న వంతెన ఎప్పుడు దాటానో కూడా తెలియలేదు. తిరుక్కున్నాక అదే గాలి ఎదురు. ఎంత తొక్కినా 16, 17 స్పీడు దాటలేదు. గార్లదిన్నె దగ్గర వెనక చక్రం మెత్తబడింది. చూస్తే కంపచెట్టు ముల్లు. ట్యూబు మార్చి, గాలి కొట్టి, రెండు కిలోమీటర్లు పోయానో లేదో మళ్లీ దిగిపోయింది. ముల్లు మొన విరిగి టైరులోనే ఉండిపోయింది, నేను చూసుకోలేదు. ఉన్న ఒక్క ట్యూబూ అయిపోయింది. ట్రాలీ ఆటోలో సైకిల్ వేసుకొని ఇల్లు చేరేసరికి 10:50. అప్పటికే ఆమె వాళ్ల నాన్నను ఆటోలో తీసుకెళ్లి, తీసుకొచ్చేసింది.

రాత్రి అన్నం వడ్డిస్తూ ఒకటే మాట అంది. "గోవా పోవద్దని నేను ఎప్పుడూ అనలేదు. ఎన్నింటికి వస్తావో చెప్పు, అన్నింటికి రా."

అప్పటినుంచి సైకిల్ ముట్టుకోలేదు. మానేద్దామా అనిపిస్తోంది, మానబుద్ధి కావడం లేదు. ఉద్యోగం చేసుకుంటూ ఈ రేసు పూర్తి చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. 12 గంటలు నిజంగా కావాలా? ఈతకు ఏం చేయాలి? ఇంట్లో ఎలా సర్దుకున్నారు?

ఓర్వకల్లు దారి, కర్నూలు

తమ్ముడూ, ముందు ఆ సైకిల్ దుమ్ము తుడువు. నాకు 47. గవర్నమెంటు ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. గోవా హాఫ్ 7 గంటల 41 నిమిషాల్లో పూర్తి చేశాను. వారానికి 8 గంటలు చేశాను, బాగా చేసిన వారం 10. 12 గంటలు ఒక్క వారం కూడా చేయలేదు.

గడువు లెక్క చూడు, భయం సగం తగ్గుతుంది. ఈతకు 1 గంట 10 నిమిషాలు. అంటే 100 మీటర్లకు 3 నిమిషాల 40 సెకన్లు. ఈత, సైకిల్ కలిపి 5 గంటల 30 నిమిషాలు. నువ్వు గంటలో ఈత ముగించి, బట్టలూ బూట్లూ మార్చుకోవడానికి 10 నిమిషాలు తీసుకున్నావనుకో, 90 కిలోమీటర్లకు 4 గంటల 20 నిమిషాలు మిగులుతుంది. గంటకు 21 కిలోమీటర్లు తొక్కితే సరిపోతుంది. మొత్తం గడువు 8 గంటల 30 నిమిషాలు కాబట్టి సైకిల్ దిగేసరికి ఆలస్యమైనా పరుగుకు దాదాపు మూడు గంటలుంటుంది. రెండు హాఫ్‌లు పరుగెత్తినవాడివి, అది నీకు చెప్పక్కర్లేదు. నీకు గండం ఈతే. ఉన్న గంటల్లో ముందు దానికి ఇవ్వు.

నా వారం ఇలా ఉండేది. మంగళ, గురువారాలు పొద్దున పూల్ తెరవగానే 45 నిమిషాలు. బుధ, శుక్రవారాలు 50 నిమిషాల పరుగు, మాట్లాడుతూ పోగలిగినంత నిదానంగా. శనివారం గంట సైకిల్, అందులో ఐదైదు నిమిషాలు నాలుగుసార్లు గట్టిగా. ఆదివారం మూడున్నర గంటల సైకిల్, దిగీ దిగగానే పావుగంట పరుగు. మొదట్లో ఆ పావుగంట కాళ్లు నీవి కాదన్నట్టు ఉంటాయి, ఆరేడు వారాలకు దారికొస్తాయి. సోమవారం ఏమీ లేదు. ఒక రోజు తప్పితే దాన్ని మరుసటి రోజు మీద వేసుకోకు. పోయింది పోయిందే.

ఈత సంగతి. బావి ఈతలో తల పైకి ఉంటుంది కాబట్టి కాళ్లు కిందికి దిగిపోతాయి, శరీరమంతా నీళ్లకు అడ్డం పడుతుంది. గోవాలో నీళ్లు వెచ్చగా ఉంటాయి. 24.5 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు ఈత సూటు) వేసుకోనివ్వరు, కాబట్టి తేల్చడానికి అది కూడా ఉండదు. నేను మొదటి మూడు వారాలు దూరం ఊసే ఎత్తలేదు. ముఖం నీళ్లలో పెట్టి బుడగలు వదలడం, గోడ తన్ని బాణంలా జారడం, పక్కకు తిరిగి గాలి తీసుకోవడం, అంతే. ఊపిరి నీళ్లలోనే పూర్తిగా వదిలేయాలి. అది రానంతకాలం 50 మీటర్లకే ఆయాసం వస్తుంది, మనకు శక్తి లేదనుకుంటాం. చెరువులోనో బావిలోనో ప్రాక్టీసు చేయాలనిపిస్తే ఒంటరిగా మాత్రం దిగకు. గట్టు మీద ఈతొచ్చిన మనిషి ఉండాలి.

ఇక ఆ శనివారం. కోపం చేసుకోకు, తప్పు ముల్లుది కాదు. కొత్తగా తొక్కేవాడు ఆషాఢ గాలిలో 90 కిలోమీటర్లు మూడున్నర గంటల్లో తొక్కి రావడం అయ్యే పని కాదు. 9కి వస్తానని చెప్పినప్పుడే ఆ మాట తప్పింది. ఈ నెలల్లో గాలి పడమర, నైరుతి నుంచి కొడుతుంది. నువ్వు పోయిన పామిడి, గుత్తి వైపు పోతే పోయేటప్పుడు సుఖం, అలిసిపోయి వచ్చేటప్పుడు ఎదురు. నువ్వు రాప్తాడు వైపు పో. బెంగళూరు దిక్కుకు పోయేకొద్దీ నేల ఎత్తు కూడా పెరుగుతుంది. కష్టమంతా ముందే అయిపోతుంది, వచ్చేటప్పుడు గాలీ పల్లమూ రెండూ నీవే. కిలోమీటరు రాయి చూసుకొని తిరగొద్దు, గడియారం చూసుకొని తిరుగు. ఇంట్లో చెప్పే టైముకు ముప్పావుగంట కలిపి చెప్పు. ఇంకొకటి, హైవే మీద చీకట్లో వద్దు. పక్కన ఆపిన లారీ దగ్గరికొచ్చేదాకా కనబడదు. వెలుతురు వచ్చాకే ఎక్కు.

సైకిల్ మీద తిండి కూడా ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లెక్క. నేను రెండు అరటిపండ్లు, ఒక చిన్న బెల్లం ముక్క తినేవాణ్ని. పల్లీ చిక్కీ కూడా పెట్టుకునేవాణ్ని కానీ రేసులో నమలడం కష్టమైంది. రేసు రోజు కొత్తది ఏదీ నోట్లో పెట్టుకోకు.

బుగ్గవంక గట్టు, కడప

అన్నా, మీ ఆవిడ మాట మీరే రాశారు, మీరే దాన్ని "మానేయ్" అని చదువుకున్నారు. ఆమె అడిగింది టైము ఒక్కటే.

నేను స్టాఫ్ నర్సుని. వారంలో రెండు నైట్ డ్యూటీలు. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిల్, 10 పరుగు ఉండే ఒలింపిక్ దూరం ఒకసారి చేశాను. నేను పొద్దున 5కి బయటికి పోవాలంటే రాత్రే సగం వంట అయ్యుండాలి. కూరగాయలు తరిగి డబ్బాలో పెట్టి, పప్పు కడిగి, పిల్లల యూనిఫారాలు తలుపుకు తగిలించి పడుకుంటాను. మీరు బయటికి పోయిన ఆ రెండు గంటల్లో మీ ఇంట్లో ఈ పనులు ఎవరు చేస్తున్నారు? ఒక వారం పాటు మీ ఆవిడనే రాయమనండి. రాసింది చదివి అప్పుడు ప్లాన్ వేసుకోండి. మా ఇంట్లో క్యాలెండరు మీద ఎవరు ఎన్నింటికి బయటికి పోతారో, ఎన్నింటికి వస్తారో రాసి ఉంటుంది. రాయని టైముకు పోవడానికి లేదు, నేనైనా సరే, మా ఆయనైనా సరే.

నిద్ర గురించి గట్టిగా చెప్పాలి. ఒకసారి నైట్ డ్యూటీ దిగి, ప్రాక్టీసు తప్పుతుందని నేరుగా సైకిల్ ఎక్కాను. వంతెన దాటాక చూసుకుంటే వెనక కిలోమీటరు ఎలా వచ్చానో గుర్తు లేదు. దిగి, సైకిల్ నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. ఆ రోజు నుంచి ఆరు గంటలు నిద్ర పట్టకపోతే రోడ్డెక్కను. పొద్దున లేవగానే మంచం మీదే నాడి చూసుకోండి. రోజూ ఉండేదానికంటే ఏడెనిమిది ఎక్కువ కొట్టుకుంటుంటే ఆ రోజు రెస్టు.

మన ఎండ పొడి ఎండ, చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. గోవాలో గాలిలో తేమ, చెమట ఒంటి మీదే ఉంటుంది, ఒళ్లు చల్లబడదు. అక్కడ స్పీడు తగ్గుతుందని ముందే అనుకోండి. గంట ప్రాక్టీసుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు. అలాగని గంటల తరబడి ఉత్త నీళ్లే తాగొద్దు. రక్తంలో సోడియం పడిపోతే తలనొప్పి, వాంతులు, మనిషి తికమకగా మాట్లాడటం, ఇవన్నీ వార్డులో కళ్లారా చూశాను. లీటరు నీళ్లకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, పూర్తి ప్యాకెట్ కలపండి. ఇంతవరకు ఈసీజీ తీయించుకోకపోతే ఒకసారి డాక్టరును కలవండి.

సైకిల్ షాపు, ధర్మవరం

ముల్లు గురించి ఎవరూ చెప్పలేదు. ట్యూబు మార్చే ముందు టైరు లోపల చుట్టూ కొంచెం దూది తిప్పు అన్నా, మొన ఉన్నచోట దూది పట్టుకుంటుంది. వేలైతే గుచ్చుకుంటుంది. కంప ముల్లు రబ్బరులో కనబడదు, బయటినుంచి టైరును మడిచి చూస్తే చిన్న నల్ల చుక్క ఉంటుంది. ట్యూబులు రెండు పెట్టుకో, ప్యాచ్ కిట్టు కూడా. ఇంట్లో కూర్చొని మూడుసార్లు విప్పి బిగించి ప్రాక్టీసు చెయ్, ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది.

పామిడి రోడ్డు, అనంతపురం

మూడు వారాలైంది, రాయడం ఆలస్యమైంది. ముగ్గురికీ ధన్యవాదాలు.

కడప చెల్లెమ్మ చెప్పినట్టే ఆమెను రాయమన్నాను. మొదట వద్దంది, తర్వాత పాప రఫ్ నోట్‌బుక్‌లో రాసింది. ఒక్క మంగళవారం పొద్దున, నేను పూల్ దగ్గర ఉన్న గంటన్నరలో, పదకొండు పనులు. నీళ్ల మోటారు వేయడం దగ్గర మొదలై పాప రెండు జడలకు రిబ్బన్లు కట్టడంతో ముగుస్తుంది. చదివాక నాకు చాలాసేపు మాట రాలేదు.

ఇప్పుడు సోమ, శుక్రవారాలు పొద్దున ఇల్లు నాది. టిఫిన్, డబ్బాలు, జడలు, వ్యాను అన్నీ. జడ వేయడం వచ్చేసింది, పాయలు సమానంగా తీయడమే ఇంకా రావడం లేదు, పాప అద్దంలో చూసుకొని మళ్లీ వేయమంటుంది. శుక్రవారం పరుగును రాత్రికి మార్చాను. బ్రాంచిలో బట్టలు మార్చుకొని ఆరు కిలోమీటర్లు పరుగెత్తి ఇంటికొస్తాను, బండి మరుసటి రోజు తెచ్చుకుంటాను. 12 గంటల ప్లాన్ తీసేశాను, ఇప్పుడు ఏడున్నర, ఎనిమిది అవుతోంది.

పోయిన ఆదివారం రాప్తాడు వైపు పోయాను. క్యాలెండరు మీద 9:15 అని రాసి, 7:30కి ఎక్కడున్నానో అక్కడే తిరిగేశాను. పోయేటప్పుడు గాలికి చెవుల్లో హోరు తప్ప ఇంకేం వినబడలేదు. తిరిగాక ఆ హోరు ఒక్కసారిగా ఆగిపోయింది, గొలుసు చప్పుడు వినబడింది. 8:50కి గేటు తీశాను. ఆమె గడియారం వైపు చూసి, టీ రెండు గ్లాసుల్లో పోసింది. గోవాకు ముగ్గురికీ టికెట్లు చూడమంది.

ఈతలో నాలుగు రౌండ్ల దగ్గర ఉన్నవాణ్ని ఆగకుండా పదహారుకు వచ్చాను. పూల్ 25 మీటర్లు, 1.9 కిలోమీటర్లకు 76 కావాలి. ఒక్క ఇబ్బంది, ఆరో రౌండ్ దాటేసరికి గాగుల్స్ లోపల ఆవిరి పట్టి గోడ కనబడటం లేదు. మీరు ఏం చేస్తారు?

ఓర్వకల్లు దారి, కర్నూలు

దిగే ముందు లోపలి వైపు ఉమ్మి రాసి, పూల్ నీళ్లతోనే ఒకసారి తొలుపుకో. ఆరబెట్టేటప్పుడు బట్టతో లోపల రుద్దొద్దు, పూత పోతుంది. పదహారు రౌండ్లంటే 400 మీటర్లు తమ్ముడూ, మూడు వారాల్లో నాకు అంత రాలేదు. వచ్చే నెల ఎంతకు వచ్చావో ఇక్కడే రాయి.