తలాపు లేచే మోటారు మంచం అమ్మకు కొనాలా, వద్దా?

సుబేదారి వాసి
మా అమ్మకు 67 ఏళ్లు. హన్మకొండలో మాతోనే ఉంటుంది. చాలా కాలంగా ఆమెకు రాత్రిళ్లు సరైన నిద్ర లేదు. పడుకున్న గంటకో రెండు గంటలకో ఛాతీలో మంట మొదలై, పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్ని, దగ్గుతూ లేచి కూర్చుంటుంది. మెత్త మీద మెత్త వేసి ఎత్తుగా పడుకుంటే మంట తగ్గకపోగా మెడ పట్టేస్తున్నది. గురక కూడా ఉంది. మధ్యలో కాసేపు శబ్దమే ఉండదని, ఆ తరువాత ఒక్కసారిగా గట్టిగా ఊపిరి పీల్చుకుంటుందని పక్కన పడుకునే నాన్న అంటారు. డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటున్నది.

ఒక పరుపుల దుకాణంలో రిమోటు నొక్కితే తలవైపు, కాళ్లవైపు విడివిడిగా లేచే మంచం చూశాను. పరుపుతో కలిపితే లక్ష రూపాయలు దాటుతున్నది. అమెరికాలో ఉన్న మా అన్నయ్య డబ్బు పంపిస్తానంటున్నాడు. ఇంట్లో నాన్న దగ్గరుండి చేయించిన టేకు డబుల్ కాట్ ఉంది. దానిని తీసి ఇది వేయడం మంచిదేనా? ఇంట్లో వాడినవారు చెప్పగలరు.

కాజీపేట పెద్దాయన
కొనవద్దు. మీ అమ్మగారికి కావలసింది తలవైపు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు మాత్రమే. దానికి మోటారు అక్కరలేదు, మీ టేకు మంచమే చాలు. వడ్లాయనను పిలిపించి, తలాపు వైపున్న రెండు కోళ్ల కింద పెట్టడానికి గట్టి కర్ర దిమ్మెలు చేయించండి. దిమ్మె పైభాగంలో కోడు దిగి కూర్చునేటంత గుంట తొలిపించండి, లేకపోతే మంచం కదిలినప్పుడు కోడు జారిపోతుంది. దిమ్మె కింద రబ్బరు ముక్క అంటిస్తే టైల్స్ మీద జారదు.

మెత్తలతో మంట తగ్గకపోవడానికి కారణం ఉంది. మెత్తలు తలను, మెడను మాత్రమే లేపుతాయి, మనిషి నడుము దగ్గర వంగుతాడు, పొట్ట మీద ఒత్తిడి పెరిగి ఆమ్లం ఇంకా పైకి వస్తుంది. మంచం మొత్తం వాలుగా ఉంటే ఒళ్లు ఎక్కడా వంగదు, అన్నవాహిక పొట్టకంటే ఎత్తులో ఉంటుంది. దీనితోపాటు రాత్రి భోజనం పడుకునే వేళకు మూడు గంటల ముందే ముగించాలి, ఎడమవైపు తిరిగి పడుకోవాలి. నేను ఏళ్లుగా ఇలాగే పడుకుంటున్నాను.

కరీంనగర్ కోడలు
పెద్దాయన గారూ, మీ శరీరానికి సరిపోయినది అందరికీ సరిపోతుందని రాయకండి. మా అత్తగారికి మేము మొదట చేసింది మీరు చెప్పిన దిమ్మెల పద్ధతే. రాత్రి తలాపు దగ్గర పడుకున్న మనిషి తెల్లవారేసరికి కాళ్లాపు పట్టెకు పాదాలు ఆనించి ముడుచుకుని ఉండేది. నున్నటి దుప్పటి మీద వాలుగా పడుకుంటే ఒళ్లు కిందికి జారుతుంది. జారిన ప్రతిసారీ చంకల కింద చేతులు వేసి పైకి జరపవలసింది నేనే. నడుము ఎముక దగ్గర చర్మం దుప్పటికి అతుక్కుని ఉండగా లోపలి ఎముక కిందికి జరగడం వల్ల అక్కడ ఎర్రగా కందిపోయేది. పుండ్లు మొదలయ్యేది ఇలాగేనని నర్సు చెప్పిన తరువాతే మేము మోటారు మంచం తీసుకున్నాము.

దానిలో ముందు మోకాళ్ల భాగం కొద్దిగా లేపి, ఆ తరువాత తలవైపు లేపుతాము. మోకాళ్ల కింద ఆ వంపు ఉండటం వల్ల మనిషి జారదు. పక్కన మామగారు ఎప్పటిలాగే చదునుగా పడుకోవచ్చు. మీ దిమ్మెలతో అయితే మంటలేని ఆయన కూడా వాలులోనే పడుకోవాలి. సుబేదారి తమ్ముడూ, ఇవ్వగలిగితే ఇవ్వండి, వెనుకాడకండి.

పరకాల
కరెంటు పోతే ఆ మంచం గతి ఏమిటి? మా వైపు ఈదురుగాలి వస్తే రాత్రంతా కరెంటు ఉండదు.

సుబేదారి వాసి
అడిగాను. కంట్రోలు పెట్టెలో 9 వోల్టుల బ్యాటరీలు వేసుకునే చోటు ఉందని, కరెంటు లేకపోయినా లేచిన భాగాన్ని కిందికి దించవచ్చని దుకాణదారు చెప్పాడు.

కాజీపేట పెద్దాయన
దించవచ్చు అన్నాడు, లేపవచ్చు అనలేదు, గమనించండి. ఆ బ్యాటరీలు ఉన్నది మంచాన్ని చదును చేసుకోవడానికి మాత్రమే. మీ అమ్మగారికి చదునుగా పడుకోవడమే కదా ఇబ్బంది? బ్యాటరీలు వేసి మరిచిపోతే అవసరమైన రాత్రికి అవి ఒట్టిపోయి ఉంటాయి.

కరీంనగర్ కోడలు
లేపిన మంచం కరెంటు పోగానే తనంతట తాను కిందికి పడిపోదు. మోటారు లోపలి మర స్క్రూ ఎక్కడ ఆగితే అక్కడే పట్టుకుని ఉంటుంది. పడుకునేముందు లేపుకుంటే తెల్లవారేదాకా అలాగే ఉంటుంది. ఇన్వర్టరుకు కలుపుకున్నా సరిపోతుంది.

కాజీపేట పెద్దాయన
ఇన్వర్టరు, బ్యాటరీ, మోటారు, రిమోటు. కర్ర దిమ్మెకు వీటిలో ఏదీ అక్కరలేదు.

పరుపు సంగతి కూడా చెప్పనివ్వండి. నా అనుభవంలో, అంతా ఒకటేనని చెప్పి మా ఊరి దుకాణం మడిచే మంచం మీదికి కొబ్బరిపీచు పరుపు అంటగట్టింది. కొంతకాలానికే నడుము వంగే చోట పరుపు పగిలి గట్టి అంచు తేలింది. వారంటీ ఉందని వెళితే వాడకం లోపమన్నారు. అందువల్ల ఇది గుర్తుంచుకోండి: పీచు పరుపు, దూది పరుపు, తీగలతో ఒకదానికొకటి బిగించిన పాతకాలపు స్ప్రింగు పరుపు ఈ మంచాలకు పనికిరావు. లేటెక్సు గాని, ఫోము గాని, ప్రతి స్ప్రింగూ వేరే గుడ్డ సంచిలో ఉండే రకం గాని కావాలి. అంటే ఇప్పుడున్న పరుపు కూడా పోతుంది.

ఇంకొకటి. ఎడమవైపు తిరిగి పడుకోవడం ఆమ్లానికి మేలని ముందే రాశాను. తలవైపు, మోకాళ్లవైపు రెండూ లేచి మధ్యలో పల్లంగా ఉన్న మంచం మీద పక్కకు తిరిగి పడుకుని చూడండి, వెన్నెముక పక్కకు వంగిపోతుంది. ఆ మంచం వెల్లకిలా పడుకునేవారికే.

మంచిర్యాల
దోమతెర పరుపు కిందికి దోపితే తలవైపు లేచినప్పుడల్లా ఊడి వస్తుంది. పైనుంచి వేలాడదీసే తెర కొనుక్కోవాలి.

నిజామాబాద్ ఫిజియో
బ్యాటరీ గురించి ఇంత చర్చ జరిగింది గాని, మొదటి టపాలోని ఒక వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గురక మధ్యలో శబ్దం ఆగిపోయి, తరువాత ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంటుందని ఆ తండ్రిగారు చెప్పారు. అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు లక్షణం కావచ్చు. కర్ర దిమ్మె దానికి చికిత్స కాదు, లక్ష రూపాయల మంచమూ కాదు. తల ఎత్తులో ఉంటే కొందరికి గురక కొంత తగ్గుతుంది. గురక తగ్గగానే జబ్బు తగ్గిందని ఇంటిల్లిపాది అనుకుంటారు, నా భయమల్లా అదే.

దీనికి స్లీప్ స్టడీ అనే పరీక్ష ఉంది. నిద్రలో గంటకు ఎన్నిసార్లు పది సెకన్లు, లేదా అంతకుమించి శ్వాస ఆగిందో, బాగా తగ్గిందో లెక్కిస్తారు. గంటకు 5 నుంచి 15 అయితే తేలిక, 15 నుంచి 30 అయితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మధ్యస్థం, తీవ్రం అయినవారికి సాధారణంగా మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రం ఇస్తారు. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివాన్ బృందం వెలువరించిన పద్ధతి అది, ఇప్పటికీ ప్రధాన చికిత్స అదే.

మరొక జాగ్రత్త. చదునుగా పడుకుంటే ఆయాసం వచ్చి, కూర్చుంటేనే తగ్గే మనిషికి మంచం ఎత్తు పెంచుతూ పోకూడదు. అది గుండె బలహీనపడిన సూచన కావచ్చు, ముందుగా డాక్టరు చూడాలి. అలాంటివారికి కాళ్లు వాచాయని కాళ్లవైపు లేపితే, కాళ్లలోని నీరు ఛాతీవైపు చేరి ఆయాసం పెరగవచ్చు.

కొనే ముందు సర్జికల్ షాపులో ఫౌలర్ కాట్ అద్దెకు దొరుకుతుందేమో అడగండి. రెండు చేతి మరలతో తలవైపు, మోకాళ్లవైపు లేస్తుంది, కరెంటు అక్కరలేదు. 1909లో అమెరికా సర్జన్ విలిస్ గాచ్ తయారుచేసిన మంచం నుంచి వచ్చిన పద్ధతే ఇది, మోటారు మంచమూ చేసేది ఆ పనే. కొంతకాలం వాడి చూస్తే మీ అమ్మగారికి ఏ ఎత్తు నప్పుతుందో తెలుస్తుంది.

కరీంనగర్ కోడలు
పరీక్ష సంగతి మీరు చెప్పింది నిజం, అది ముందు చేయించాలి. కానీ ఆసుపత్రి మంచాన్ని పడకగదిలో వేయమనడం తేలిక. ఇనుప కమ్ములు, కింద చక్రాలు, ఒక్క మనిషి పట్టే వెడల్పు. అది చూసి మా అత్తగారు నేనింక లేవనని అనుకుంటున్నారా అని ఏడ్చింది. పైగా ఆ చేతి మర ఉండేది కాళ్లాపు దగ్గర. పడుకున్న మనిషి దానిని తిప్పుకోలేదు. రాత్రి రెండు గంటలకు ఎవరు లేచి వచ్చి తిప్పాలి?

కాజీపేట పెద్దాయన గారు దీనికి జవాబు రాస్తే బాగుంటుంది. పడుకునేవారు ఇచ్చే సలహాలే ఇక్కడ కనిపిస్తున్నాయి, లేపేవారి మాట ఎవరూ వినడం లేదు.

కాజీపేట పెద్దాయన
అమ్మా, నన్ను పడుకునేవాడినని అన్నారు. నా భార్య చివరి కాలమంతా నేనే లేపాను, నేనే పక్కకు తిప్పాను, నేనే తుడిచాను. మోటారు మంచం మా ఇంటికీ వచ్చింది, నా కొడుకులే కొన్నారు. మంచం రాకముందు ఆదివారం వచ్చి తల్లి పక్కన కూర్చునేవారు. వచ్చిన తరువాత, బాపూ మంచం బాగా పనిచేస్తున్నదా అని ఫోనులో అడిగేవారు. తల్లి ఎట్లా ఉందని అడగడం తగ్గింది. ఆమెకు ఆ గదిలో మోటారు శబ్దం తప్ప మనిషి మాట వినపడని రోజులున్నాయి. ఈ తమ్ముడి అన్నయ్య అమెరికా నుంచి డబ్బు పంపుతానన్నాడని చదవగానే నాకు అదే గుర్తుకు వచ్చింది. నా అభ్యంతరం మోటారు మీద కాదు.

కరీంనగర్ కోడలు
మీ బాధ నాకు అర్థమైంది. అలాగైతే నా మాటా వినండి. మా ఇంట్లో మంచం రాకముందు వచ్చి కూర్చున్నవారు ఎవరూ లేరు, ఉన్నది నేనొక్కదాన్నే. మా మరిది, ఆడబిడ్డ పండుగకు వచ్చి, అంత డబ్బు పెట్టి ఆ మంచం ఎందుకు, వదిన ఉంది కదా అన్నారు. వదిన నడుము గురించి ఒక్కరూ అడగలేదు. ఇప్పటికీ బిందె ఎత్తితే నొప్పి లేస్తుంది.

మంచం వచ్చిన తరువాత అత్తగారు రిమోటు చీర కొంగుకు కట్టుకుని పడుకునేది. దగ్గు రాగానే తనే నొక్కుకుని లేచేది. ప్రతిసారీ నిన్ను లేపుతున్నానని ఏడ్చే మనిషి ఆ తరువాత ఏడవలేదు. పగలు ఇద్దరం కూర్చుని మాట్లాడుకునే ఓపిక మాకు మిగిలింది. మీ ఇంట్లో మనుషులు రాకపోవడానికి ఆ యంత్రం కారణమని మీరు అనుకుంటే, దానిని వద్దంటే వస్తారన్న నమ్మకం ఏమిటి?

కాజీపేట పెద్దాయన
నమ్మకం లేదు. కానీ కొనిచ్చాము కదా అనే మాట వారి చేతికి దొరికింది, అది దొరకకుండా ఉండవలసిందని నేను ఇప్పటికీ అంటాను.

జగిత్యాల
ఇంత రాశారు, ఆ అమ్మను ఎవరైనా అడిగారా?

సుబేదారి వాసి
నిన్న రాత్రి అడిగాను. రిమోటు మంచం గురించి ఆమెకు పట్టింపు లేదు. వేరే గదిలో గాని, వేరే మంచం మీద గాని పడుకోనని మాత్రం గట్టిగా చెప్పింది. తన గురక ఆగినప్పుడల్లా నాన్న చేయి వేసి కదుపుతారట. ఆ సంగతి మాకు ఇద్దరూ ఎన్నడూ చెప్పలేదు. అంటే నాన్నకూ నిద్ర లేదు. కరీంనగర్ అక్క లేపేవారి గురించి రాసినప్పుడు నేను నా భార్యను తలుచుకున్నాను, కానీ మా ఇంట్లో రాత్రిళ్లు ఆ పని చేస్తున్నది 72 ఏళ్ల మనిషి.

అందుకని ముందుగా ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకు వెళ్లి స్లీప్ స్టడీ గురించి అడుగుతాము. ఫలితం వచ్చేదాకా ఉన్న మంచానికే దిమ్మెలు పెట్టిస్తాము, వాలులో పడుకోవడానికి తనకు అభ్యంతరం లేదని నాన్న అన్నారు. తరువాత కూడా మంచం అవసరమైతే, ఒకదాని పక్కన ఒకటి వేసే రెండు సింగిల్ మంచాల రకం చూస్తాను, అమ్మ వైపు దానికి మాత్రమే మోటారు. అన్నయ్యకు డబ్బు సంగతి ఇంకా ఏమీ చెప్పలేదు. పరీక్షకు అమ్మను తనే తీసుకువెళ్లేలా సెలవు పెట్టుకుని రమ్మని అడిగాను.

కాజీపేట పెద్దాయన
మంచిది. దిమ్మె ఎనిమిది అంగుళాలతో మొదలుపెట్టకండి, మీ అమ్మగారు జారిపోయి మొదటి రాత్రే వద్దంటారు. నాలుగుతో మొదలుపెట్టి, అలవాటైన కొద్దీ పెంచండి. నున్నటి దుప్పటి కాకుండా ముతక నూలు దుప్పటి వేయండి.

కరీంనగర్ కోడలు
రెండు మంచాలు పక్కపక్కన వేస్తే మధ్యలో సందు వస్తుంది, ఒకవైపు లేచినప్పుడు రెండోవైపు వారి చేయి అందులో పడే ప్రమాదం ఉంది. మీ నాన్నగారు రాత్రి చేయి వేసి కదుపుతారన్నారు కాబట్టి, దుకాణంలో ఇద్దరినీ పడుకోబెట్టి, రిమోటు నొక్కి చూసిన తరువాతే మాట ఇవ్వండి. దిమ్మెలతో నెగ్గుకువస్తారని మాత్రం నేను అనుకోవడం లేదు.