దొంగతనం కేసు: మావోనికి పాత సెక్షనా, కొత్త సెక్షనా?

ఆదోని నుంచి అడుగుతున్నా అన్నా. మా అక్క కొడుకు 2024 మే నెలలో పక్క చేన్లో మోటారు కేబులు కోసినాడు, కాల్చి రాగి అమ్ముకుందామని. విలువ 4,200 అని రాసినారు. పాత శిక్షాస్మృతి ఐపీసీలో 379 సెక్షన్ పెట్టినారు, మూడేండ్ల దాకా జైలంట. కొత్త చట్టంలో 5,000 లోపు మొదటి దొంగతనానికి సమాజ సేవేనంట కదా, వానికి వర్తించదా? వాయిదా వచ్చిందంటే అక్క అన్నం ముట్టదు.

జవాబు: ఆ కొత్త చట్టం, అంటే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత), అమల్లోకి వచ్చింది 2024 జూలై 1న. నేరం మేలో. బీఎన్ఎస్ 358వ సెక్షన్ ప్రకారం ముందు జరిగిన నేరానికి పాత చట్టమే. ఆ సమాజ సేవ కూడా ఊరికే రాదు, సొమ్మో దాని విలువో తిరిగియ్యాల.

జవాబు: కర్నూల్లో వకీలు గుమాస్తాను. రాజ్యాంగం 20(1) తర్వాతొచ్చిన చట్టంతో పాత నేరానికి శిక్ష పెంచొద్దంటుందే గానీ తగ్గించొద్దనదు. తర్వాతొచ్చిన మెత్తని చట్టం లాభం పాత నేరానికీ ఇయ్యొచ్చన్న 1965 సుప్రీంకోర్టు రతన్ లాల్ తీర్పు చూపించి వాదించొచ్చు. నన్నడిగితే అంత దూరం వద్దు. 379 రాజీ కుదిరే కేసు. కేబులు డబ్బులు పట్టుకుని ఆసామి ఇంటికి పోండి, లోక్ అదాలత్‌లో తెగిపోతాది. కుదరకుంటే జైలుకు పంపకుండా మంచి నడవడి షరతు మీద వదిలే 1958 ప్రొబేషన్ చట్టం ఉండనే ఉంది.

అడిగినవాడు: ఆసామి మా సొంత మామే అన్నా. గట్టు తగాదాతో మాటల్లేవు. ఇంగ అక్కనే పంపాల.